పేరు పెట్టకముందే

సెప్టెంబరు కాబట్టే సగం ధర.
ఏడు రాత్రులు, కిటికీ లేని గది,
గాల్వెస్టన్ రేవులో ఎక్కితే కోజుమెల్ దాకా,
ఇంకా కిందికి, రొవటాన్ దాకా.
ధర చెప్పి మా చెల్లెలు వెర్లీ
ఫోనులో ఊపిరి బిగబట్టింది.
శుక్రవారం అర్ధరాత్రి దాటితే ఆ ధర ఉండదట.

నేను లేక్ చార్లెస్‌లో, మా వంటగదిలో,
ఫ్రీజరు తెరిచి రొయ్యల పొట్లాలు లెక్కపెడుతున్నాను.
పదకొండు.
తుపాను కాలంలో ఇక్కడ తెలివైనవాళ్ళెవరూ ఫ్రీజరు నింపరు.
కరెంటు మూడు వారాలు పోయిన ఏడాది
వీధంతా ఫ్రిజ్జులే, రోడ్డు పక్కన వరసగా,
ఒక్కొక్కదాని తలుపుకీ చుట్టూ టేపు.
తెరిస్తే చచ్చేది మనమే.

బీమా కాగితం చదివాను, కళ్ళజోడు మార్చి మరీ.
తుపానుకి పేరు పెట్టాక కొంటే
ఆ తుపానుకి పైసా రాదట.
అంటే బారసాలకి ముందే భయపడాలి,
ఆ తర్వాత పడే భయం మన సొంత ఖర్చు.
పేర్లకేం, ఎప్పుడో రాసిపెట్టుకున్నారు.
ఆలూ లేదు, చూలూ లేదు,
జాబితా మాత్రం అక్షరక్రమంలో సిద్ధం.
అందులో ఈసారి మా మేనత్త పేరు కూడా ఉంది.
ఆవిడా అంతే, చెప్పకుండా వచ్చి
ఇంట్లో మంచాలన్నీ అటువి ఇటు జరిపి పోయేది.

ఆల్సీడ్‌ని అడిగాను.
జనరేటరు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు,
నెలకోసారి దాన్ని నడిపి చూసుకుంటాడు.
"ఓడకి చుక్కాని ఉంది" అన్నాడు.
"అయితే?"
"మనింటికి లేదు."
తాడు లాగాడు. యంత్రం రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.

ఆ మాట రాత్రంతా మా ఇద్దరి మధ్యా పడుకుంది.
నిజమే. తుపాను ఇటొస్తే ఓడ అటు పోతుంది.
కోజుమెల్ అన్నవాడు ఇంకెక్కడో దింపుతాడు,
లేదా ఎక్కడా దింపడు,
రెండ్రోజులు నీళ్ళే చూపించి ఐస్‌క్రీం పెడతాడు.
మునిగిపోతానని కాదు నా బెంగ.
ఎండలో కాళ్ళు చాపుకుని
టీవీలో మా వీధిని చూడాల్సి రావడం.
మా కప్పు లేచిపోయే వేళకి
నా చేతిలో పుచ్చకాయ ముక్క ఉండడం.

పక్కింటి మిసెస్ గిలరీకి ఎనభై రెండు.
ఊరు ఖాళీ చెయ్యనంటే పోలీసు కుర్రాడొచ్చి
"అయితే చేతి మీద మీ పేరు రాసుకోండి,
తర్వాత గుర్తుపట్టడానికి" అన్నాడు.
ఆవిడ మార్కరు తీసుకుని రాసుకుంది:
కాఫీ. కొవ్వొత్తులు. పిల్లికి తిండి.
"పోయిరా పిల్లా" అంది నాతో.
"నువ్వు కాపలా కాస్తే నిలబడిందా పోయినసారి?"

ఇరవై ఏళ్ళ కింద ఒకే ఒక్కసారి ఎక్కాను ఓడ.
రొవటాన్ రేవులో ఇస్మెల్డా అనే ఆవిడ
నా జుట్టు పాయలు పాయలుగా అల్లుతూ అడిగింది,
"సెప్టెంబరులో మీ ఓడలు పల్చబడతాయెందుకు?"
"గాలివానలు కదా" అన్నాను.
"మాక్కూడా ఆ నెలలో గాలివానలే" అంది,
పూస గుచ్చి ముడి బిగిస్తూ.
"ఆకలీ అప్పుడే."
తల లాగినట్టయి కళ్ళలో నీళ్ళొచ్చాయి.
జుట్టు వల్లేనని చెప్పాను.

ఇవాళ శుక్రవారం.
ఆఫ్రికా ఒడ్డు దాటి ఏదో మబ్బుల గుంపు,
వార్తలవాడు చుట్టూ పసుపు గీత గీశాడు.
ఇరవై శాతం అన్నాడు. పేరు లేదు ఇంకా.
కార్డు బల్ల మీద ఉంది,
వెనకవైపు మూడంకెలు చెరిగిపోయి
ఎనిమిదో మూడో తెలియడం లేదు.

పదకొండు పొట్లాలూ తీసి సింకులో పెట్టాను.
వెర్లీని రమ్మన్నాను, మిసెస్ గిలరీని కూడా.
వెళ్ళినా, ఉన్నా
ఫ్రీజరు ఖాళీగా ఉండాలి కదా.
కరుగుతున్నాయి.
పెరట్లో ఆల్సీడ్ మళ్ళీ తాడు లాగుతున్నాడు.