సర్దుబాటు

బరంపురం నుంచి వచ్చిన అమ్మాయి ఇతిశ్రీ
ఇసకలో చాప పరిచి, చార్టు విప్పి
ఒడియాలో ఒక మాటంది: అభియోజన.
గాలికి చార్టు లేస్తుంటే నాలుగు మూలలా
వలకి కట్టే సీసం గుళ్ళు పెట్టింది
చోడిపల్లి ఎర్రయ్య మనవరాలు.

దుబాసీని నేను.
ఎనిమిది దాకా ఒడియా బడి, ఇంట్లో తెలుగు,
పూటకి రెండొందలు, టీ వేరే.
అందరూ నా నోటికేసే చూస్తున్నారు.
మా ఎర్రరేవుపేటలో ఆ మాటకి మాట లేదు.
నాలిక మీద తిప్పి తిప్పి
"సర్దుకోవడం" అన్నాను.

"మళ్ళీనా?" అంది సూరాడ తాటమ్మ,
వలలోంచి పీతని విడదీస్తూ, తలెత్తకుండా.

ఫైలిన్ నాడు సర్దింది ఆమె.
రేషన్ కార్డు, ఇంజను బెల్టు, కోడిపెట్ట,
అద్దం పగలకుండా చీరలో చుట్టిన మొగుడి ఫోటో.
తిత్లీ నాటికి ఫోటో లేదు, కోడీ లేదు,
మూట తేలికైంది, అంతే.
ఆ మధ్య ఎవరూ పేరు కూడా పెట్టని అమావాస్య పోటొకటి
ముందువరస పదిహేను ఇళ్ళూ పట్టుకుపోయినప్పుడు
సర్దే తీరికే ఇవ్వలేదు.

అసలు ఆడదానికి ఈ మాట కొత్తా?
కాపురానికి పంపేటప్పుడు
మూటలో అన్నిటికన్నా అడుగున పెట్టిచ్చేదే.
సర్దుకుపో తల్లీ,
సావుకారు రేటు కోసినా,
నెత్తళ్ళు ఎండాల్సిన మాఘంలో వాన కురిసి
పురుగు పట్టినా.
ఇదంతా ఇతిశ్రీకి ఒడియాలో చెప్పబోయి
సగంలో ఆగాను.
మిగతా సగం ఆమెకి తెలిసినట్టే ఉంది,
పెన్ను మూత పెట్టేసింది.

వెనకనుంచి మైలపల్లి దానయ్య,
తాగున్నాడో లేదో చెప్పలేం,
"ఆ సముద్రాన్నే అడగమనమ్మా,
ఓ పదిబారల నేల సర్దుతాదేమో!
పోలమ్మ జాతరకల్లా తీర్చేద్దుం."
జనం పకపకా నవ్వారు.
నేను నవ్వలేదు,
ఆ నవ్వుని అవతలి ఒడ్డుకి ఎలా చేర్చాలా అని చూస్తున్నాను.
చేర్చాను ఎలాగో.
ఒడియాలో అది హాస్యం కాలేదు,
అర్జీలా వినబడింది.

రోడ్డవతల కాలనీ ఉంది.
సిమెంటు కప్పు, ఏ తుఫానుకీ కదలదు. నిజమే.
అక్కడ ఇసక లేదు.
చేప ఎక్కడ ఎండాలి? తెప్పకి రాత్రి కాపలా ఎవరు?
ఇతిశ్రీ చార్టు మడిచింది.
"నేను చెప్పేది అయిపోయింది, మీరు చెప్పండి."
ఇది తెలుగు చెయ్యడానికి కాస్త తడుముకున్నాను,
ఆఫీసు మనుషుల నోట ఇలాంటిది
ఇంతకుముందు రాలేదు మరి.

తాటమ్మ పీతని బుట్టలో పడేసి లేచింది.
అరచెయ్యి తన రొమ్మెత్తున గాలిలో నిలబెట్టి
"ఇంతెత్తు పందిళ్ళు. వెదురువి.
పైన టార్పాలిన్, చుట్టేసుకునేది.
నేలమీద ఎండబెట్టే రోజులు పోనాయి.
కాలనీలో పది కట్టండి, ఎల్తాం.
ముందు పందిరి. తరవాతే మేం."
దీన్ని మాత్రం గడగడా చెప్పేశాను,
నా చెయ్యి కూడా ఆ ఎత్తునే పెట్టి.

పది అడిగితే ఆరొచ్చాయి,
అదీ పుష్యం వెళ్ళిపోతుంటే.
మాఘంలో ఓ రాత్రి వాన పడింది,
పెద్దదేం కాదు, కాని కాలపుది.
తెల్లారి వెళ్ళి టార్పాలిన్ ఎత్తితే
నెత్తళ్ళు చేతిలో గలగలమన్నాయి.

ఆరు పందిళ్ళ మీద పద్నాలుగు ఇళ్ళ చేప.
ఎవరిది ఎక్కడిదాకా అని ఒకటే రచ్చ,
జుట్లు పట్టుకునేదాకా వచ్చింది.
తాటమ్మ తిడుతూనే, ఎవర్నో తెలీదు,
తన చేపని మోచేత్తో జానెడు ఇవతలకి జరిపి
ఎర్రయ్య కోడలికి చోటు చూపించింది.

సాయంత్రం ఇతిశ్రీ ఫోను:
రిపోర్టులో ఆ మాటకి తెలుగేం రాయమంటావు?
ఇంకా దొరకలేదన్నాను.
ప్రస్తుతానికి పాతదే ఉంచు,
పక్కన జానెడు ఖాళీ వదిలి.