ఎడమవైపు సీట్లు

గది చీకటి చేసి, ఒక కన్ను గుడ్డతో మూసి,
గడ్డం ఆనించే దిమ్మెను స్పిరిట్‌తో తుడిచి
రోజుకు పద్నాలుగుసార్లు ఒకే మాట చెబుతాను:
వెళిచ్చం తెరింజా అముక్కుంగ.
కొరుక్కుపేట నుంచి వచ్చే మునిరత్నంగారికి మాత్రం
మన మాటల్లో.
"మధ్యలో పసుపుచుక్కనే చూడండి.
పక్కన మినుకుమంటే బటన్ నొక్కండి. వెతకొద్దు."

"మినుకుమనకపోతే?"
"నొక్కకండి."
ఒరగబెట్టిన గంగాళంలోకి తల దూర్చి
లోపల్నుంచి అడిగాడు:
"రానిది రాలేదని ఎట్లా తెలిసేది మ్యాడం?"
ఆరేళ్ళ ఉద్యోగంలో ఎవరూ అడగలేదు.
మాన్యువల్‌లో లేదు.

ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సులో కండక్టరు.
పేపర్లో టెండరు నోటీసులు కూడా చదివేస్తాడు, అద్దాల్లేకుండా.
కళ్ళకేం, అనుకున్నాడు.
ఎడమవైపు సీట్లలో ముగ్గురికి టికెట్ కొట్టలేదని
మొదటి మెమో.
ఇద్దరు పూలమ్మేవాళ్ళు, ఒక బడిపిల్ల: రెండోది.
మూడోదానికి ఇంక్రిమెంటు ఆగింది.
తాగి ఎక్కాడన్నారు. చిల్లర జేబులో వేసుకున్నాడన్నారు.
కన్ను అని ఎవరూ అనలేదు.
కన్ను కూడా అనలేదు.

నీటికాసులు.
"కాసులంటే బ్యాగులో గలగలమనాలి గదమ్మా" అని నవ్వాడు.
ఇవి చప్పుడు చెయ్యవు.
పోయినచోట నలుపు కూడా మిగల్చవు.
పక్క గోడ రంగు తెచ్చి మెదడు అతుకు వేస్తుంది,
ఖాళీ సీటు రంగు తెచ్చి
కూర్చున్న మనిషి మీద కప్పుతుంది.

అధ్యయనం కాగితాలు అరవంలో, ఇంగ్లీషులో ఉన్నాయి.
పదకొండు పేజీలు నోటితో తెలుగు చేశాను.
రెండు రకాల సీసాలు, రెండిట్లోనూ మందే,
ఒకటి పాతది, ఒకటి కొత్తది, పైన నెంబరు తప్ప పేరుండదు.
"నాదేది?"
"నాకు తెలీదు."
"డాక్టరమ్మకి?"
"తెలీకూడదు."
"అయితే బోర్డు లేని బస్సెక్కామన్నమాట, ముగ్గురమూ"
అంటూ సంతకం చేశాడు.
గీత మీద కాదు, గీతకు కాస్త కుడిగా.

యంత్రానికి కొన్ని మాయలుంటాయి.
ప్రతి కంట్లో పుట్టుకతోనే ఒక గుడ్డిచుక్క,
దానిమీద దీపం వేసి చూస్తుంది:
కనబడిందన్నామా, మధ్యలో చూడటంలేదని పట్టేస్తుంది.
ఒక్కోసారి మోటారు మాత్రం కదిలించి
దీపం వెయ్యదు.
మునిరత్నంగారు ఆ చప్పుడుకే నొక్కేస్తాడు.
టక్.
టక్.
"స్టాపొచ్చిందనుకున్నా మ్యాడం."

మూడు మంగళవారాలు.
మూడుసార్లూ మూడోవంతు తప్పు నొక్కులే.

ఒత్తిడి ఇరవై ఆరు నుంచి పదహారుకు దిగింది.
సీసాలో ఏముందో గానీ ఆయనకు పనిచేస్తోంది.
అయినా నియమం ప్రకారం ఆయన వరస తీసెయ్యాలి.
కారణం రాసే గడి చిన్నది,
ఒక్క మాటే పట్టింది:
నమ్మదగనిది.
డిపోలో ఏ రాత్రీ లెక్కకు రూపాయి తక్కువ కట్టని మనిషి
నెంబరు పక్కన
నేనే టైపు చేశాను.
నాలుగో మెమో.

"పాసయ్యానా?"
మందు ఇస్తూనే ఉంటామన్నాను. ఒత్తిడి బాగుందన్నాను.
ప్రింటు కాగితం అడిగి తీసుకున్నాడు.
నెలవంకలా వంగిన ఆ నలుపుమీద
గోరుతో మెల్లగా ఒక్కో గడీ దాటుతూ
లెక్కపెట్టాడు, పెదాలు కదుపుతూ.
"ఇంతమందిని వదిలేశానా" అన్నాడు.

కాగితాన్ని నిలువునా సన్నగా మడిచి
పదిరూపాయల నోటులా వేళ్ళసందున పెట్టుకుని లేచాడు.
"ఎడమపక్క మెట్టుంది" అన్నాను.
ఒళ్ళంతా అటు తిప్పి చూశాడు.
మెట్టు దగ్గర ఆగి ఇంకోసారి చూశాడు.

బయట బెంచీ మీద పదకొండో నెంబరు పిలుపు కోసం చూస్తోంది.
దిమ్మె తుడిచాను.