గచ్చు కింద

గుణుపురంలో ముప్పయ్యేళ్లు గచ్చులు పోశాను.
అక్కడ మన్నుకీ సిమెంటుకీ మధ్య
ఇసక తప్ప ఏమీ పెట్టకూడదు.
వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం,
చొక్కా విప్పి బోర్లా పడుకుంటే
అడుగునున్న నేల చల్లగా పొట్టకి తగలాలి.
అదీ కొలత. తాపీమేస్త్రీ పొట్టని మించిన మట్టం
నాకు తెలీదు.

ఆ కొలతే పట్టుకుని ఘాటీ ఎక్కాను,
పొట్టంగిలో అంగన్‌వాడీకి.
అద్దంలా పోశాను. పొగిడించుకుని దిగొచ్చాను.

పుష్యమాసంలో తలుపు బిగించడానికి మళ్లీ వెళ్తే
గడ్డి మీద మంచు ఇంకా లేవలేదు.
పిల్లలు చెప్పుల మీద కూర్చుని గుడ్లు తింటున్నారు.
అవును, చెప్పుల మీద, పీటల్లాగ.
ఆయా గురుబారి నన్ను చూసి నవ్వలేదు.
"మేస్త్రీ, నీ గచ్చు ఒంట్లో వేడి తాగేస్తంది.
మా పేడ నేల ఇలా తాగేది కాదు."

వంగి అరచెయ్యి ఆనించాను.
కొండ మొత్తం కిందనుంచి
నా చెయ్యి పట్టుకుంది.

రెండో గది పనికి పాణిగ్రాహి బాబుని అడిగాను.
"కింద పెట్టేది కనబడదు కదా,
కనబడని దానికి బిల్లెలా రాస్తాను?" అన్నాడు.

సంతలో చేపల నీలాచలం దగ్గర
పగిలిన థర్మాకోల్ పెట్టెలు మోసుకొచ్చాను,
బరంపురం నుంచి ఐసుతో వచ్చేవి.
డబ్బు అడగలేదు, వాసన కూడా ఊరికే ఇచ్చాడు.
లోకనాథం ముక్కు మూసుకుని పలకలు కోశాడు.

దిమ్మిస కొట్టి, ఇసక పరిచి, పలకలు పేర్చి,
పైన నల్ల పాలితీను కప్పాం.
మందపాటి ముక్కలన్నీ గోడ వెంబడి నిలబెట్టించాను.
వేడి మధ్యలోంచి పోయేది తక్కువరా,
గట్టు తెగిన మళ్లో నీళ్లలా
అంచునుంచే జారుకుంటాది.

"గుణుపురంలోనూ ఇలాగే వేద్దామా, మావా?"
వేస్తే నా పొట్ట ఒప్పుకోదు.
అక్కడి మన్ను చుట్టం. ఇక్కడి మన్ను అప్పులోడు.

మాఘంలో వెళ్లాను, కూలి బాకీకి.
చెప్పులు గుమ్మం బయటున్నాయి.
లోపల, గది నడిమధ్య, ఒక పిల్లి
గచ్చుకి ముక్కు ఆనించి పడుకుంది.
వెచ్చదనానికొచ్చిందో, చేపలకొచ్చిందో
గురుబారి తేల్చి చెప్పలేదు.

పక్క గదిలో బియ్యం బస్తాలు పెట్టి తాళం వేశారు.
కిటికీలోంచి చూశాను.
ఇంకా అద్దంలాగే ఉంది.