రెండో విడత

హాస్టల్లో అందరూ టిఫిన్‌కి దిగిన వేళ
ఖాళీ ఫోల్డరు ఒకటి తెరిచి
స్వర్ణముఖి అని పేరు పెట్టాను.
అందులో ఒక తల్లి ఫైలు, ఏడు పిల్ల ఫైళ్లు.
పటాలకు వేరే గది.
తల్లి ఫైల్లో విషయమేమీ ఉండదు,
ఎవరి తర్వాత ఎవరు రావాలో
పిలవడం ఒక్కటే దాని పని,
పెళ్లి పందిట్లో మా పెద్దత్తలాగా.

మూడేళ్లు నా థీసిస్ అంతా
ఒకే ఫైల్లో కుక్కి పెట్టుకున్నాను.
ఫైనల్, ఫైనల్ రెండు, నిజంగా ఫైనల్.
తొండవాడ పటాన్ని అరంగుళం జరిపితే
పాకాల దగ్గర పేజీ విరిగేది,
చంద్రగిరి పట్టిక తోక
తర్వాతి అధ్యాయంలో తేలేది.
చూడలేక ఫిజిక్స్ నఫీసా అక్క అంది:
"నువ్వు చెప్పాల్సింది చెప్పు,
ముస్తాబు దానికొదిలెయ్."

ఎడమవైపు మార్జిను ఒకటిన్నర అంగుళం.
ఇంత చోటు దండగ కదా అన్నాను
యూనివర్సిటీ గేటు ముందు బైండింగ్ దొరసామితో.
సూది నోట్లో పెట్టుకునే చెప్పాడు:
"మీకది ఖాళీ, మేడమ్.
నాకదే సేద్యం."

మొదటిసారి నడిపాను.
నూట తొంభై పేజీలు గలగలా వచ్చాయి,
పటం ?? చూడుము,
?? వ అధ్యాయంలో చెప్పినట్టు,
పట్టిక ?? ప్రకారం మే నెల నీటిమట్టం.
ఎనభై రెండు బావుల్లో తొంగి చూస్తే
అన్నిట్లోనూ జంట కొక్కేలు.
ఏడుపొచ్చింది.
అక్క నవ్వింది. "ఇంకోసారి నడుపు.
మొదటి విడతలో ఎవరెక్కడున్నారో రాసుకుంటుంది,
రెండో విడతలోనే పలుకుతుంది."

గుర్రప్ప నడకా అంతే.
వేపపుల్ల పట్టుకొని చేనికి అడ్డంగా
ఒకసారి పోయి, తిరిగొచ్చి, మళ్లీ పోయేవాడు.
"తొలీత నేలను పలకరించాల పాపా,
ఆనేకనే నీళ్లు యాడుండాయని అడగాల."
నేను జీపీఎస్ చేత పట్టుకొని
ఆయన మడమల వెంట నడిచాను.
పుల్లని నేను నమ్మలేదు, ఆ మాట ఆయనకీ తెలుసు.
సగం బావులు ఆయన తవ్వినవే.

కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు
తెలుగులోనే ఉండాలని నా పంతం.
ఇంగ్లీషులో రాస్తే పోలా అన్నారు మా గైడు.
పోదు. సంతకం చెయ్యమన్న రోజు
వేలిముద్ర వద్దని ఇంకుప్యాడు పక్కకి నెట్టి
నాలుగు నిమిషాలు పట్టి
పలక మీదలా రాసిన పేరది.
టైపు చేస్తే ఎనిమిది ఖాళీ డబ్బాలు వచ్చాయి.
ఫాంటు మారిస్తే
గుర్ రప్ ప.
వత్తులు ఊడి, మనిషి మూడు ముక్కలై
గట్టు మీద కూర్చున్నట్టు.
రాత్రంతా వెతికి, ఇంజను మార్చి,
ఇది తెలుగు లిపి అని ఒక్క ముక్క చెప్పాక
తెల్లారి నాలుగింటికి
ర కింద ర, ప కింద ప ఒదిగి కూర్చున్నాయి.
గుర్రప్ప.
పైకే చదివాను. పై మంచం మీద
భానురేఖ దుప్పటి ముసుగేసుకుంది.

ఇప్పుడు అన్నీ పలుకుతున్నాయి.
ఒక్కటి తప్ప.
ఐదో అధ్యాయం, నూట ముప్పై ఒకటో పేజీ:
"బావి ?? లో మాత్రం"
అక్కడ కొక్కేలు అలాగే ఉన్నాయి.
మూడోసారి నడిపినా పోలేదు.

నలభై ఏడో బావి.
చుట్టూ అన్నీ దిగిపోయే మే నెలలో
అది జానెడు పైకొచ్చింది.
రేఖ మీద కూర్చోవడం లేదు, తీసెయ్యమ్మా అన్నారు గైడు.
చెరపడానికి చెయ్యి రాక
పట్టికలో ఆ వరుస ముందు
ఒక శాతం గుర్తు పెట్టాను.
గుర్తు ఉన్నంతసేపూ
వరుస ఫైల్లో ఉంటుంది, కాగితం మీదికి రాదు.
వాక్యానికి ఆ సంగతి తెలియదు,
అది పిలుస్తూనే ఉంది.

కిటికీలోంచి రేణిగుంట వైపు వెళ్లే
మొదటి బండి కూత.
గైడుకి ఏం చెప్పాలో
పదింటికి ఆలోచిస్తాను.
శాతం గుర్తు మీద కర్సరు పెట్టి
ఒక మీట నొక్కాను.

ఇంకోసారి నడిపాను.
ఆపైన, మరోసారి.