ఇనుడు కొలువు

నా కొలువు ఇనుడు.

పొద్దుగాల ఆరింటికి సైరన్ కూస్తే
కాజీపేట దిక్కు నుంచి సైకిళ్లు మందలు మందలొచ్చేటియి.
ములుగు అడవి నుంచి గోనెసంచులల్ల లక్క,
చెట్ల కొమ్మలకు పురుగులు కట్టుకున్న ఇండ్లు.
కడిగి, కరిగిచ్చి, మసి కలిపి
యాకూబలి దాన్ని రొట్టె లెక్క మడిచేటోడు.
పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు,
నడుమ ఉడుకుడుకు రొట్టె.
ఒక్క నొక్కు. మూడు నిమిషాల పాట.
"పురుగు కట్టిన ఇంట్ల పాట కాపురం పెట్టింది సూడు" అని
బొబ్బలెక్కిన చేతులు ఊపుకుంట నవ్వేటోడు.

ఢిల్లీ నుంచి వచ్చినాయన రిబ్బన్ కత్తిరిచ్చిన నాడు
ఈడ ఒత్తిన పాట దేశమంత తిరుగుతదన్నడు.
తిరిగింది. అబద్ధమెందుకు.
జాతరల మైకుసెట్ల మీద,
పెండ్లి పందిట్ల, ఎన్నికల జీపుల మీద.
నేను ఆడాడ ఆగి ఇనేదాన్ని,
పాట కోసం కాదు, గీత కోసం.

అద్దాల గది. గోడలకు గోనెపట్ట.
వందల ఒకటి తీసి ఇనాలె.
చిటపటంటే ఎర్ర చాక్‌పీసు.
గొంతు ఊగితే ఎర్ర చాక్‌పీసు.
ఒక్క పాటనే దినానికి నలభై సార్లిన్న చెవికి
పాట ఇనపడదు,
పాటల పడ్డ ఇసుక రవ్వ ఇనపడ్తది.

కడారి ఓదేలు ఒగ్గు కథ చెప్పనీకి వచ్చిండు.
మూడు రాత్రుల కథను
మూడు నిమిషాలకు కుదియ్యమంటే
డోలు పక్కకు వెట్టి శానాసేపు గోడ దిక్కు చూసిండంట.
ఆఖరుకు చెప్పిండు.
రెండో దిక్కు నడుమల
దగ్గిండు.
చిన్న దగ్గు, డోలు దెబ్బకూ దెబ్బకూ మధ్యల.
నేను ఎర్ర గీత గీసిన.
మూడొందల పళ్లాలు పలగ్గొట్టి
మళ్ల కడాయిల ఏసిండ్రు.
ఓదేలు మళ్ల చెప్పిండు, దగ్గకుంట.

పలిగిందేదీ పారెయ్యకపోదుము మా కార్ఖానల.
ఆ దగ్గు కరిగి
ఏ సినిమా పాటల కలిసిందో,
ఏ భజనల, ఏ కవ్వాలిల కలిసిందో
నాకు తెల్వదు.

తర్వాత లక్క పోయి ప్లాస్టిక్ గింజలొచ్చినయి.
బొబ్బలు తగ్గినయని యాకూబలి సంబురపడ్డడు.
ఆ తర్వాత హన్మకొండ చౌరస్తల
అరచెయ్యంత డబ్బల పన్నెండు పాటలు
పది రూపాయలకు ఎక్కిచ్చుడు షురువైంది.
మూడు షిఫ్టులు రెండయినయి. రెండు ఒకటయింది.
సైరన్ మాత్రం కూసేది,
దాన్ని బంద్ చెయ్యమని కాయిదం రాలే.

ఆరు నెల్ల జీతం బదులు
మనిషికి రెండొందల రికార్డులిచ్చి తాళమేసిండ్రు.
రిక్షాల ఏసుకొచ్చుకున్న.
ఇంట్ల గ్రామఫోను లేదు.
ఎన్నడూ లేదు.
కొన్నిటిని ఉడుకు నీళ్లల్ల ముంచి గిన్నెల లెక్క వంచి
కొత్తిమీర పోసిన.
కొన్ని గల్లి పోరగాండ్లు దొర్లిచ్చుకున్నరు.
అచ్చులు సుబేదారి కాడ కిలోల లెక్క పోయినయి,
పాటలు తలకిందులుగ రాసున్న ఆ నికెల్ రేకులు.

తాళం పడ్డ మూడో ఏడు
ఓదేలు పెండ్లాం సమ్మవ్వ నన్ను ఎతుక్కుంట వచ్చింది.
ఆయన పోయి నెల దాటిందట.
మిగిలిన ఒక్క పళ్లెం పాత చీరల చుట్టుకొని
మండిబజార్ల యాకూబలి కొడుకు దుకాణానికి పోయినం.
పాత ఫ్యాన్లు, పాత గడియారాల నడుమ
మిషిన్ కీ తిప్పిండు పిలగాడు.

రెండు దిక్కులూ ఇన్నది, కొంగు నోట్ల వెట్టుకొని.
"మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నది.
"గని కథ మలిగే కాడ
ఆయన దగ్గేటోడు.
గది ఏడ వాయె?"

నేనేం చెప్పలే.
పాట ఒడిసింది. సూది ఆఖరి గీతల
చిటపటంటనే ఉన్నది.
పిలగాడు తియ్యవోయిండు.
ఉండనీ అన్న.