జేబు కొలత

"ఒక సంస్థను ఎంచుకొని వ్యూహాన్ని విశ్లేషించుము."
పది మార్కులు. శుక్రవారం లోపల.
క్లాసులో అందరూ పెద్ద పేర్లే పట్టుకున్నారు:
ఫోన్ల కంపెనీ, కూల్‌డ్రింకుల కంపెనీ,
మాలో ఎవరమూ ఎక్కని విమానాల కంపెనీ.
నేను
రాయదుర్గంలో మా సందు చివర
రేకుల షెడ్డు, ఐదు మిషన్లు,
దస్తగిరమ్మ జీన్సు ప్యాంట్ల యూనిట్ అని రాసిచ్చాను.
"రిజిస్టర్డేనా?" అన్నారు విరూపాక్ష సార్.
గోడ మీద సున్నంతో రాసుంది సార్, అన్నాను.

నిజానికి నాకు ఇంకో సంస్థ తెలీదు.
సాయంత్రాలు అక్కడే కూచుని
కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరిస్తాను,
పీసుకు అర్ధ రూపాయి.
నా బస్సు పాసు ఆ దారాల కొసల్లోంచి వచ్చిందే.

అట్ట చార్టు కొన్నాను, పన్నెండు రూపాయలు.
స్కేలు పెట్టి నాలుగు గళ్ళు గీశాను:
పైన బలాలు, బలహీనతలు, కింద అవకాశాలు, ముప్పులు.
మిషన్ ఆపకుండానే చెప్పింది దస్తగిరమ్మ.
"బలమా? నా కుడికాలు రాసుకో.
బలహీనతా? అదీ ఆ కాలే.
రాత్రి పదకొండైతే చీలమండ ఉబ్బుతాది."
ఒకే కాలు రెండు గళ్ళలో రాయొచ్చా అని
పుస్తకమంతా వెతికాను. లేదు.

అవకాశాలు, అని చదివాను.
"యాడ, ఈడనా?" అని ఆ గడి మీద వేలు పెట్టింది.
ఏమీ చెప్పలేదు.
తెల్లటి గడి నడుమ
గుడ్డ రంగు దిగిన బొటనవేలి నీలం మిగిలింది.
రబ్బరుతో రుద్దితే ఇంకా పెద్దదైంది.

తర్వాత ఐదు శక్తులు.
కొనేవాడి బేరశక్తి: బళ్ళారి సేటు.
గుడ్డ ఆయనదే, రేటూ ఆయనదే.
"ఈ వారం రెండు రూపాయలు తక్కువ" అని ఫోన్లో అంటే చాలు,
మిషన్లన్నీ చెవి పెట్టి వింటాయి.
ఆయన వైపు నుంచి బాణం గీశాను,
అది అట్ట అంచు దాకా పోయింది.
సరఫరాదారుడంటే కరెంటోళ్ళే, అంది. అంతే.

కొత్తగా దిగేవాళ్ళ ముప్పు:
ఎదురింటి షమీమ్. మూడేండ్లు ఈ షెడ్డులోనే పని నేర్చుకుని
పోయిన ఉగాదికి సొంతంగా రెండు మిషన్లు వేసుకుంది.
"తీవ్రం" అని రాస్తుండగా
ఆ ముప్పే గడప దాటి వచ్చి
"అత్తా, పద్దెనిమిది నంబరు సూది ఉంటే ఇయ్యి" అంది.
డబ్బాలోంచి మూడు తీసిచ్చింది.
"ఆమె పోటీ కదా..." అని నేను నసిగితే
"సూది లేకుంటే ఆ పాప పనెట్ల చేస్తాది?" అంది,
లెక్కల సార్ అడిగినట్టు.
వాక్యం కొట్టేశాను.
మళ్ళీ రాశాను. మార్కులు కావాల కదా.

ఆఖర్న ఆవు, నక్షత్రం, ప్రశ్న, కుక్క.
"ప్యాంట్ల యాపారంలోకి ఆవెందుకొచ్చె పాపా?"
పాలిచ్చేదేది, తిండి దండగేది, తేల్చాలంట, అన్నాను.
మూలనున్న కాలితొక్కుడు మిషన్ చూపించాను.
దుమ్ము, పీచులు లేచిన బెల్టు.
కుక్క. అమ్మేయాలి.
పుస్తకం మాట అది, నాది కాదు.

అప్పుడే కరెంటు పోయింది.
నాలుగు మోటార్లూ ఒక్కసారే మూగబోయినాయి.
తెల్లారితే లారీకెయ్యాల్సిన ప్యాంట్లు ఇంకా నలభై.
దస్తగిరమ్మ లేచి, తడుముకుంటూ పోయి
కుక్క ముందర కూచుంది.
నేను ఫోన్ లైటు పట్టుకున్నాను.
ఆ రాత్రి మా సందులో మొరిగింది అదొక్కటే.

పదికి ఐదున్నర.
ఎర్ర పెన్నుతో: "మూలాధారాలు ఏవి?"
నీలం మరక చుట్టూ సున్నా చుట్టి: "శుభ్రత పాటించవలెను."

చార్టు చుట్టుకుని షెడ్డుకు పోయాను.
మార్కులెన్నని అడగలేదు. అట్టను రెండు వేళ్ళతో నొక్కి చూసింది.
"గట్టిగుండాది. ఎనక జేబు కొలతట్ట అరిగిపోయింది, ఇది ఇస్తావా?"
కత్తెర పెట్టింది. నా గీతల వెంబడి కాదు,
అడ్డంగా, ఐదు మూలల జేబు ఆకారానికి.
అవకాశాలు సగం, ముప్పులు సగం
ఒకే ముక్కలో వచ్చాయి.

ఇప్పుడు దాని చుట్టూ సుద్ద గీసి
రోజుకు రెండొందల జేబులు కోస్తారు.
దారాలు కత్తిరిస్తూ ఒక్కోసారి
వాటిలో చెయ్యి పెట్టి చూస్తాను.
దారాలే.
వాటినీ కత్తిరిస్తాను.