సబ్బునీళ్ళ పరీక్ష

షిప్‌యార్డులో నా పని చిన్నది.
వెల్డింగు అతుకు మీద కుంచెతో సబ్బునీళ్ళు పూస్తాను,
అవతల గాలి పెడతారు,
బుడగ లేచిన చోట సుద్దముక్కతో సున్నా చుడతాను.
ఇరవై రెండేళ్ళుగా
సున్నాలు చుట్టి బతుకుతున్నాను.

మసేనుకి ఇదంతా తెలుసు.
అందుకే సింగపూర్ నుంచి ఓడ దిగి
నేరుగా మల్కాపురం మేడెక్కి
తువ్వాలు మూట విప్పాడు.
"నువ్వే సెప్పు బావా, రెంట్లో ఏది నిలబడుద్ది?
సిగరెట్టు మానాలంటే ఏదోటి ఉండాల కదా.
నువ్వేదంటే అది నాకు.
వచ్చే ట్రిప్పుకి అలాంటిదే నీకు."
ఇక్కడ అమ్మడం నేరమని ఇద్దరికీ తెలుసు.
కిటికీ రెక్క వాడే దగ్గరికి లాగాడు.

మొదటిది ప్లాస్టిక్‌ది, పుచ్చకాయ రంగు.
అయిపోతే పారెయ్యడమే, నింపేది లేదు.
దాన్ని నేను ముట్టుకోలేదు.
మొన్న మా తమ్ముడి వలలో
కవ్వళ్ళ మధ్య ఇలాంటిదే పడింది,
నోట్లో పెట్టుకునే కొసకి నాచు పట్టి,
సముద్రం కూడా ఓ దమ్ము లాగి ఉమ్మేసినట్టు.

రెండోది టాంకు. బొటనవేలంత.
స్టీలు అడుగు, గాజు గోడ,
తిప్పి తీసే మూత,
ఎన్నిసార్లైనా నింపుకోవచ్చు.
అరచేతిలో పెట్టగానే బరువు తెలిసింది.

మర చూశాను. గోరు ఎక్కడా తట్టలేదు.
గాజు మందం చూశాను.
రబ్బరు రింగు ఊడదీసి
వేళ్ళ మధ్య సాగదీసి వదిలాను.
"ముందు పోయేది ఇదే. విడిగా దొరుకుద్దా?"
వాడు జేబులోంచి పొట్లం తీశాడు,
నాలుగు రింగులు, ఓ గాజు అదనం.
"స్పేరు దొరకనిది వస్తువే కాదురా" అన్నాను
రిటైరైపోయిన మా ఫోర్‌మాన్ గొంతుతో.

గాలిరంధ్రాలకి మైనం పెట్టి
గ్లాసు నీళ్ళలో ముంచాం. పావుగంట.
ఇద్దరు మగాళ్ళం, గ్లాసు కేసి చూస్తూ,
పురిటిగది బయట కూర్చున్నట్టు.

గుమ్మంలోంచి మా నాన్నమ్మ పోలమ్మ
అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి
"ఏటది, పసిగుడ్ల సుక్కలమందు సీసావా?" అంది.
మసేను నవ్వాడు. "పొగ తాగీది, అప్పా."
"నిప్పేది మరి?"
"నిప్పుండదు. రసం పోత్తారు."
"దేని రసం?"
వాడు నా కేసి చూశాడు. నేను గ్లాసు కేసి చూశాను.
"పొగాకుదే."
"ఓర్నాయనో, సుట్టని పిండీసినారా!"

ఆమెకెప్పుడూ టాంకు లేదు.
మండే కొస లోపలికి తిప్పుకుని
నోరే టాంకు చేసుకుంది డెబ్భై ఏళ్ళు.
అంగిలి తెల్లగా పెచ్చు కట్టింది.
చూపించమంటే తిడుతుంది.

పావుగంటయింది.
ఒక్క బుడగ లేదు.
"ఇదే తీసుకో" అన్నాను మసేనుతో,
"నెలకోసారి రింగు మార్చు,
గాజు కింద పడకుండా చూసుకో."

పోయిన నెల పెదవాల్తేరు ఆస్పత్రిలో
డాక్టరమ్మ నా ఎక్స్‌రేని వెలుగుకి పట్టి
ఎడమ పక్క, అడుగున,
పెన్సిలుతో సున్నా చుట్టింది.
ఏమీ అనలేదు.
ఆ చుట్టడంలోనే తెలిసిపోయింది,
ఆవిడదీ నాదీ ఒకటే డిపార్ట్‌మెంటని.
ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.
స్పేరు ఎక్కడ దొరుకుద్దని
ఆవిణ్ణీ అడగలేదు.

"నీక్కూడా ఇదేగా?" అన్నాడు మసేను మెట్లు దిగుతూ.
"ఓడ రానీ, చూద్దాం."

కరెంటు పోయింది.
యారాడ కొండ దీపం ఒకసారి గోడ మీంచి వెళ్ళింది.
నాన్నమ్మ నిప్పు లోపలుంది కాబట్టి
చీకట్లో ఎక్కడ కూర్చుందో కనబడదు,
దగ్గితేనే తెలుస్తుంది.

ఎవరో దగ్గారు.
"ఒరే, నువ్వేనా?" అంది.